పహణీ గురించి పన్నెండున్నరకు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బర్క్‌మన్ కేంద్రంలో మంగళవారం మధ్యాహ్న ప్రసంగాలు ఏళ్ల తరబడి నడిచాయి. ఒకరు ఇంటర్నెట్ గురించో, చట్టం గురించో మాట్లాడతారు, మిగతావాళ్లు తింటూ వింటారు, ఆపైన ప్రశ్నలు. నోట్లో ముద్ద ఉన్నవాడు ప్రొఫెసర్‌కు అంతగా జంకడు! ఈ పద్ధతి కర్ణాటకలోని రాయచూరుకు రావాలి. జొన్నరొట్టె, శేంగా పొడి ఉన్న ఊళ్లో తిండికి లోటేమీ లేదు.

విద్యాసంస్థలకూ లోటు లేదు. ఐఐటీ హైదరాబాద్ అండతో 2019లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఇక్కడిదే. 2008లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం, పైరుకు పట్టిన పురుగును పొలంలోనే గుర్తించేందుకు 'ఈ-శాప్' అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. దాన్ని వాడిన రైతు, రాసిన ఇంజనీరు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే చాలు, మొదటి ప్రసంగం సిద్ధమైనట్టే.

రెండోది పహణీ మీద, అంటే పొలం ఎవరిదో, ఏం సాగవుతోందో చెప్పే భూరికార్డు మీద. కర్ణాటక 'భూమి' పథకం సుమారు 67 లక్షల మంది రైతుల 2 కోట్ల భూరికార్డులను కంప్యూటర్‌కెక్కించి, 15 రూపాయలకు నకలు ఇచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2007లో పరిశోధకుడు సోలమన్ బెంజమిన్, ఆయన సహచరులు మాత్రం బెంగళూరు పరిసరాలను చూసి, ఇది పెద్ద కొనుగోలుదారులకే కలిసొచ్చిందని వాదించారు. మరి సింధనూరు, మాన్వి వలస క్యాంపుల్లో నోటిమాట మీద కౌలు చేసే తెలుగు రైతుకు తెరమీది పహణీ ఏం ఒరగబెట్టింది? ఇది రాయచూరులో అడగాల్సిన ప్రశ్న.

ఇలా వాడేవారినే అడగడం వల్ల ఫలితం ఉంటుందనడానికి సరిహద్దు అవతలే రుజువుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లకు స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు ఆర్థికవేత్తలు మురళీధరన్, నీహాస్, సుఖ్‌తంకర్ 157 మండలాల్లో పరిశీలించారు. కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో మింగేవాళ్లకు దక్కేది తగ్గింది. కార్డు వాడినవారిలో 90 శాతానికి పైగా కొత్త పద్ధతే మేలన్నారు. పథకంపై అధికారులకు చేరే ఫిర్యాదుల్లో ఈ మాట వినిపించేది కాదు. ఇళ్లకు వెళ్లి అడిగితేనే తెలిసింది.

అదే ఉపాధి పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఫొటోలతో యాప్ హాజరు తప్పనిసరైంది. సిగ్నల్ అందని చెరువుగట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడే కూలీల మేటీ కంటే దీని గురించి బాగా చెప్పగలిగేదెవరు?

భాష సంగతి కూడా మొదటే తేల్చుకోవాలి. గద్వాల, అలంపురం 1956 దాకా రాయచూరు జిల్లాలోనివే. ఇక్కడి జనానికి కన్నడ, తెలుగు రెండూ అలవాటే. ప్రసంగం ఆ రెండింటిలో సాగాలి, ఇంగ్లీషు స్లైడ్లు ఇంటి దగ్గరే వదిలేయవచ్చు.

ఒక చిక్కుంది. మధ్యాహ్నం క్యాంపస్‌కు వస్తే కూలీకి ఆ పూట కూలి పోతుంది. అందుకని నెలకో ప్రసంగమైనా పంచాయతీ ఆఫీసులోనో, పనిచోట చెట్టు కిందో పెట్టాలి. ఆ రోజు భోజనం ఖర్చు విశ్వవిద్యాలయమే భరించాలి.