దుకాణం చెప్పిన మాట తప్పు - తిట్లు మాత్రం కాపలాదారుకు

మొన్నటి చలికాలంలో ఒకనాటి సాయంత్రం మా ఊరి పొలిమేరలోని తోట బంగళా కాపలాదారు మా ఇంటికి వచ్చాడు. చేతిలో పాత బియ్యం సంచి, ముఖంలో భయం. "సారూ, జర సూడుండ్రి. ఇది సచ్చిపోతే నా నౌకరి పోతది" అన్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి కనుక ఊళ్ళో పామును చూసినా, తేలు కుట్టినా నా దగ్గరికి రావడం మామూలే. ఆ సంచిలో ఉన్నది మాత్రం నేను పాఠాల్లో చెప్పిందే తప్ప చేత్తో పట్టి చూసింది కాదు.

తోకతో కలిపి రెండు మూరలకు పైగా పొడవున్న ఆకుపచ్చ బల్లి. వీపు మీద రంపం పళ్ళ వంటి ముళ్ళు. దవడ ఉబ్బి ఉంది. ముందు కాళ్ళు వంకరపోయి వణుకుతున్నాయి. నిలబడబోయి పొట్ట మీద పడిపోతోంది. అరుగు మీద అప్పటికే పదిమంది చేరారు. ఒకరు ఉడుమన్నారు. ఒకరు మొసలి పిల్లన్నారు. మల్లేపల్లిలో చదివి వచ్చిన కుర్రవాడొకడు ముదిరిన ఊసరవెల్లి అని తేల్చాడు. ఆ మూడింటిలో ఏదీ కాదు. అది ఇగ్వానా. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద ఆకులు తిని బతికే జంతువు.

అది శామీర్‌పేట వైపు ఎలా వచ్చిందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. బంగళా యజమాని నగరంలో ఉంటారు. రెండేళ్ళ క్రితం కొడుకు పుట్టినరోజుకు ఒక పెంపుడు జంతువుల దుకాణంలో దీనిని కొన్నారు. అప్పుడు అది జానెడు కూడా లేదట. పెరిగి గాజు పెట్టెలో పట్టకపోయేసరికి తోటకు పంపించారు. దానితోపాటు దుకాణం వారు బిల్లు వెనుక పెన్నుతో రాసిచ్చిన నాలుగు ముక్కలు కూడా వచ్చాయి. కాపలాదారు ఆ కాగితాన్ని జేబులో మడత పెట్టి జాగ్రత్తగా దాచుకున్నాడు. నాకు చూపించాడు.

"పెట్టె ఎంత ఉంటే అంతే పెరుగుతుంది. వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు, కోడిమాంసం. మిగతా రోజుల్లో దోసకాయ, పాలకూర. రాత్రి పసుపు బల్బు చాలు." అంతే! పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు బతకగల జంతువుకు దుకాణం ఇచ్చిన విద్య అదంతా. వేలు పోసి కొన్న సరుకుకు ఇంతకంటే వివరంగా రాసిన కాగితం ఎరువుల బస్తా మీద కూడా ఉంటుంది.

దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క దుకాణం సంగతి కాదిది. వేరే మూడు చోట్లకు వెళ్ళి కొనేవాడిలా అడిగి చూశాను. రెండు చోట్ల దాదాపు ఇవే మాటలు చెప్పారు. మూడో చోట "గుడ్డు వద్దు, పిల్లి మేత పెట్టండి, త్వరగా పెరుగుతుంది" అన్నారు. ఆ సలహా గుడ్డు కంటే అన్యాయం.

ఇందులో తప్పెక్కడుందో పాడి రైతులకు చెప్పడం సులువు. గేదె ఈనిన రెండో రోజో మూడో రోజో కాళ్ళు పట్టు తప్పి కూలబడితే మనం ఏమంటాం? పాలజ్వరం అంటాం. పశువుల డాక్టరు వచ్చి నరంలోకి కాల్షియం సీసా ఎక్కిస్తే గేదె లేచి నిలబడటం చూడని ఊరు మన జిల్లాలో లేదు. పాల ద్వారా సున్నం ఒక్కసారిగా బయటికి పోవడమే ఆ జబ్బుకు కారణం. ఈ బల్లికి వచ్చిందీ సున్నం కరువే. కాకపోతే ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు, రెండేళ్ళుగా కొంచెం కొంచెంగా వచ్చింది. తిండిలో సున్నం చాలక, తిన్నది కూడా ఒంటికి పట్టక శరీరం తన ఎముకల్లో నుంచే సున్నాన్ని తోడుకుంటుంది. ముందు దవడ మెత్తబడుతుంది, తర్వాత కాళ్ళు వంగుతాయి, వణుకు పుడుతుంది. ఆపైన చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది.

తిన్న సున్నం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. ఇగ్వానాకు అది ప్రధానంగా ఎండ వల్లే తయారవుతుంది. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు చర్మానికి నేరుగా తగలాలి. గాజు ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. కిటికీ అద్దం వెనుక ఎంత ఎండ కనిపించినా వేడి తప్ప ఫలం ఉండదు. పసుపు బల్బు సంగతీ అంతే. ఇంట్లో పెంచితే అందుకోసం ప్రత్యేకంగా చేసిన ట్యూబులైటు పెట్టాలి, అది వెలుగుతున్నా కిరణాల శక్తి తగ్గిపోతుంది కనుక గడువు ప్రకారం మార్చాలి. ఆ లైటు అమ్మని దుకాణానికి ఈ బల్లిని అమ్మే హక్కు ఎక్కడిదన్నది నా ప్రశ్న. మన దేశంలో ఎండకు కరువా? జాలీ బోను కట్టి, సగం నీడ ఉండేలా రోజూ కొంతసేపు బయట పెడితే పైసా ఖర్చు లేని వైద్యం. బిల్లు వెనుక ఆ ఒక్క మాట లేదు.

ఇక గుడ్డు, మాంసం. ఇది ఆకులు తినే జంతువు. ఎద్దుకు చేపల కూర పెట్టినట్టన్న మాట. మాంసం పెట్టగానే చావదు, పైగా ఒళ్ళు చేసి బాగుందనిపిస్తుంది. మోసమంతా అక్కడే ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ మూత్రపిండాలు చెడిపోతాయి. పాలకూరలో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం తిన్న సున్నాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదు. దోసకాయ నీళ్ళు తప్ప మరేమీ కాదు. అసలు పెట్టవలసిన మేత మన పెరట్లోనే ఉంది. మునగాకు, మల్బరీ ఆకు, మందార ఆకులు, పూలు, గుమ్మడి ఆకు, తరిగిన గుమ్మడికాయ, చిక్కుడు. పురుగు మందు కొట్టని ఆకై ఉండాలి, అంతే. కాపలాదారు భార్య ఈ మాట విని, "ఇంటి ముంగట మునగచెట్టు పెట్టుకొని నేను దీనికి అంగట్ల కోడి తెచ్చిన్నా!" అని నెత్తి కొట్టుకుంది.

పెట్టె ఎంత ఉంటే అంతే పెరుగుతుందన్న మాట శుద్ధ అబద్ధం. సరిగా మేపితే తోకతో కలిపి నాలుగైదు అడుగులు దాటుతుంది, మగది ఆరడుగుల వరకు వెళ్ళగలదు. దానికి గది కావాలి, ఎక్కడానికి కొమ్మలు కావాలి. పెట్టెలో పెరగడం ఆగిందంటే అది జబ్బు లక్షణం. బల్లి జాతి ఒంటికి సొంత వేడి ఉండదు కనుక, చలిలో తిన్నది అరగదు. జనవరిలో మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళలో రాత్రిళ్ళు పది, పన్నెండు డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. అటువంటి రాత్రులు ఈ జీవి వసారాలో రేకు డబ్బా పక్కన పడుకుంది.

మనుషుల మాట కూడా చెప్పాలి. పాకే జంతువుల కడుపులో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. దానికి జబ్బు చేయదు, మనకు చేస్తుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు, ముసలివారికి, గర్భిణులకు మరీ ప్రమాదం. ఈ కారణంగానే అమెరికాలో 1975లో నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలనీ, దాని గిన్నెలు వంట దగ్గర కడగరాదనీ దుకాణం చెప్పలేదు. కాపలాదారు ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. ఆ పాప దాని తోక పట్టుకుని ఆడుకునేదట.

జబ్బు సంగతి యజమానికి ఫోనులో చెబితే ఆయన మొదట కోప్పడ్డారు. కాగితంలో ఉన్నట్టు మేపలేదని సగం నెల జీతం పట్టారు. కాగితంలో ఉన్నట్టు మేపడం వల్లే ఇలా అయిందని నేను మాట్లాడి చెబితే కొంత మెత్తబడి, "అయితే తీసుకెళ్ళి చెరువు గట్టున వదిలేయమనండి, పీడ పోతుంది" అన్నారు. ఈ మాట దగ్గరే నాకు ఎక్కువ భయం వేసింది. ఆయన చెడ్డవారేమీ కాదు. పెద్ద బల్లిని కొన్న వారిలో చాలామంది చివరికి అనే మాటే అది.

శామీర్‌పేట చెరువు, దాని పక్కన జింకల పార్కు, చుట్టూ కూరగాయల మళ్ళు, మిగిలిన కొద్దిపాటి ద్రాక్ష తోటలు. ఆకులు తినే పరదేశపు జంతువును అక్కడ వదిలితే ఏమవుతుంది? జబ్బుది రెండు రోజుల్లో చస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవి నాలుగు కలిస్తే? అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడువి తప్పించుకుని, వదిలివేయబడి వేల సంఖ్యలో పెరిగాయి. కాలువ గట్లను తవ్వి బొరియలు చేస్తున్నాయి, తోటలు మేస్తున్నాయి. చలి ఎక్కువైనప్పుడు బిగుసుకుపోయి చెట్ల మీద నుంచి పడుతుంటాయి. 2020 జనవరిలో అక్కడి వాతావరణ శాఖ ఇగ్వానాలు రాలవచ్చని జనాన్ని హెచ్చరించింది. 2021లో ఆ రాష్ట్రం దీనిని నిషేధిత జంతువుల జాబితాలో చేర్చింది. తైవాన్ దక్షిణ ప్రాంతంలో కూరగాయల రైతులు వీటితో సతమతమవుతున్నారు. ఇక్కడ బతుకుతాయా లేదా అని మన చెరువు మీద పరీక్ష పెట్టనక్కరలేదు. చెవుల దగ్గర ఎర్ర గీతలుండే అమెరికా తాబేళ్ళను ఇలాగే అక్వేరియం దుకాణాల్లో కొని, పెద్దవయ్యాక దేశమంతటా చెరువుల్లో వదిలారు. అది చాలు.

చట్టం లేకపోలేదు. 2018లో కేంద్రం పెంపుడు జంతువుల దుకాణాలకు నియమాలు చేసింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కాకుండా దుకాణం నడపరాదు. పరదేశపు జీవులను పెంచేవారు స్వచ్ఛందంగా చెప్పుకోవాలని 2020 జూన్‌లో ఆరు నెలల గడువిచ్చారు. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ఇగ్వానా వంటి వాటిని ఒక షెడ్యూలులో చేర్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వీటిని పెంచేవారు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. యజమానికి ఈ సంగతి దుకాణం వారు చెప్పలేదు. యజమాని కాపలాదారుకు చెప్పలేదు. రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఎదురుగా నిలబడేది మాత్రం కాపలాదారే.

మన ఊళ్ళవారు ఇక్కడ ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. ఇగ్వానా వేరు, ఉడుము వేరు. వీపు మీద ముళ్ళ వరుస, గొంతు కింద వేలాడే తోలు, దవడ కింద పెద్ద గుండ్రటి పొలుసు ఉంటే ఇగ్వానా. ముళ్ళు లేకుండా, మట్టి రంగులో ఉండి, పాములా చీలిన పొడవైన నాలుక ఆడిస్తే ఉడుము. ఉడుము మన అడవిది. పట్టినా, అమ్మినా, తిన్నా, పెంచినా నేరమే. మొదటి షెడ్యూలు జంతువు కనుక మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. నడుం నొప్పికి ఉడుము నూనె అంటూ సంతల్లో సీసాలు అమ్మేవారి మాట, చెట్టు వేరని చెప్పి "హత్తాజోడి" పేరుతో ఉడుము అవయవాన్ని అంటగట్టేవారి మాట నమ్మి కష్టాల్లో పడవద్దు. ఇగ్వానాకు గిరాకీ ఉందని ఎవరైనా ఉడుము పిల్లను చూపిస్తే అసలే ముట్టుకోవద్దు. ఉడుము పోయినా చెయ్యి దక్కితే చాలన్నారు పెద్దలు!

దుకాణదారును దొంగ అని తిట్టడం నా ఉద్దేశం కాదు. అతడు నిన్నటిదాకా చిలకలకు, చేపలకు, కుక్కపిల్లలకు అలవాటుపడినవాడు. సరుకు పంపిన వ్యాపారి చెప్పిందే ఇతడు కొనేవారికి చెబుతాడు. కాని తెలియకపోతే తెలియదని అనాలి కదా. మందుల దుకాణంలో కుర్రవాడు తెలియక ఇచ్చిన మాత్రను మనం ఊరుకుంటామా? పెద్ద బల్లిని అమ్మే ప్రతి దుకాణం తెలుగులో అచ్చువేసిన కాగితం ఇవ్వాలి. పెరిగాక ఎంత అవుతుంది, ఏం తింటుంది, ఏ లైటు కావాలి, చూడగల డాక్టరు ఎక్కడ ఉన్నారు, నమోదు ఎలా అన్నవి అందులో ఉండాలి. మండల పశువైద్యశాలలకు గొర్రెలు, గేదెలు, కోళ్ళతోనే పని సరిపోతుంది. వారిని తప్పు పట్టలేం. పశుసంవర్ధక శాఖ, అటవీ శాఖ కలిసి నగర శివార్ల దుకాణాలవారికి, తోట కాపలాదారులకు ఒక పూట శిక్షణ పెడితే చాలు. శామీర్‌పేటలోనే ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో జంతు రక్షణ చట్టాలపై కోర్సు చెబుతున్నారు. ఆ విద్యార్థులు చుట్టుపక్కల ఊళ్ళకు పనికివచ్చే కరపత్రం ఒకటి తెలుగులో వేస్తే వారి చదువుకూ సార్థకత.

మా అరుగు మీదికి వచ్చిన జీవి బతికింది. నగరంలో ఇటువంటి జంతువులను చూసే డాక్టరు ఎక్స్‌రే తీసి, కాల్షియం మందు రాసి, కోడిగుడ్డు మానిపించారు. నాలుగు నెలలు మునగాకు, పొద్దుటి ఎండ. వణుకు తగ్గింది, దవడ గట్టిపడింది. ముందు కాళ్ళు మాత్రం ఇక ఎప్పటికీ సరికావని డాక్టరు చెప్పారు. యజమాని పాత కోళ్ళ గూటిని బాగుచేయించి పెద్ద బోను కట్టించారు. నమోదు కాగితాలు పెట్టుకుంటానన్నారు, ఇంకా పెట్టుకోలేదు. పట్టుకున్న సగం నెల జీతం సంగతి నేను రెండుసార్లు అడిగాను. వచ్చే నెల అన్నారు.