భావం రాసుకోండి

తెలుగు పీరియడ్‌లో మేము ఎక్కువగా వినే మాట ఇదే. పద్యం చదవడం రెండు నిమిషాలు, ప్రతిపదార్థం పది నిమిషాలు, ఆ తర్వాత భావం నోట్సులోకి. పరీక్షలో ఆ నాలుగు వాక్యాలు పొల్లుపోకుండా దింపితే మార్కులు వస్తాయి. పబ్లిక్ పరీక్షల భయం మాకూ ఉంది కాబట్టి దీన్ని పూర్తిగా తప్పు పట్టలేం. కానీ జాషువా గారి 'గబ్బిలం' చెప్పుకున్న రోజు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

1941లో వచ్చిన ఆ కావ్యంలో, ఊరు అంటరానివాడన్న ఒక పేదవాడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు కావ్యంలో యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపినట్టే ఇదీ అని చెప్పి, "కవికి మూగజీవులపై దయ ఎక్కువ" అని భావం రాయించారు. మా హాస్టల్ వాడొకడు లేచాడు. "సార్, గబ్బిలాన్ని గుళ్లెకు రావద్దని ఎవ్వరూ అనరు గద, అందుకే దాన్ని పంపిండు. మా తాత కొబ్బరికాయ గుడి బయట్నే ఇచ్చి వచ్చెటోడు" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. "బాగానే చెప్పావు గానీ పరీక్షలో ఇది రాయకు" అన్నారు సార్. వాడు రాశాడు. మార్కులు తగ్గాయి.

వాడు చెప్పింది ఇంటి కథ మాత్రమే అని మేము ఒప్పుకోం. అది కావ్యంలోనే ఉంది. పూజారి లేనప్పుడు చూసి శివుడికి చెప్పమంటాడు ఆ పేదవాడు. పూజారి ఉంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న వేయకుండా రాసుకున్న భావం ఎవరికి పనికొస్తుంది?

అలాగని మాకు తోచిందల్లా సరైన అర్థమని కాదు. 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గిరీశమే హీరో అని మాలో కొందరం గట్టిగా వాదించాం. ఇంగ్లీషు దంచుతాడు కదా! ఒక శనివారం స్టడీ అవర్‌లో, అన్నాలు తిన్నాక, పాత్రలు పంచుకుని పైకి చదివాం. విజయనగరంలో అప్పులవాళ్ల బాధ పడలేక, చదువు చెప్పే నెపంతో శిష్యుడి ఊరికి బయల్దేరిన మనిషి అతను. అక్కడ శిష్యుడి అక్క బుచ్చమ్మ, చిన్ననాడే భర్త పోయిన పిల్ల, అతని మాటలన్నీ నమ్ముతుంది. బుచ్చమ్మ మాటలు చదివిన మావాడు మొదట ఆడగొంతు పెట్టి అందర్నీ నవ్వించాడు. కాసేపటికి మామూలు గొంతుతోనే చదివాడు. గిరీశం హీరో అన్నవాళ్లు ఆ రాత్రి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గైడులో గిరీశం స్వభావం అరపేజీ ఉంటుంది, అది చదివితే మాకు ఇంత తెలియలేదు.

క్లాసులో నెలకు ఒక పీరియడ్ ఇలా పైకి చదవడానికి ఇవ్వమని, పాఠంలోంచి ఆధారం చూపి రాసిన సొంత భావానికి మార్కులు వేయమని మా సార్లను అడుగుతున్నాం. వార్డెన్ సార్ శనివారం అరగంట ఇస్తామన్నారు. పుస్తకాలు రెండే ఉన్నాయి, సర్దుకుంటాం. మధురవాణి ఎవరు చదవాలన్నదే ఇంకా తేలలేదు.