కంటికి కానరాని సేద్యం

కావ్యభాషలో సముద్రానికి రత్నాకరమని పేరు. ముప్పై ఏళ్లుగా తరగతి గదిలో ఆ మాటకు అర్థం చెబుతున్న నాకు, ఆ సంపద సముద్రమంతటా సమానంగా లేదన్న సంగతి ఆలస్యంగా తెలిసింది. నీలంగా, నిర్మలంగా కనిపించే నడిసముద్రం నిజానికి చాలావరకు బీడుభూమి వంటిది. పైపొరలో వెలుతురున్నది, పోషకాలు లేవు. అడుగున పోషకాలున్నవి, వెలుతురు లేదు. మృతజీవుల అవశేషాలు కిందికి జారిపోతూ ఉండడమే ఇందుకు కారణం.

ఈ రెంటినీ కలిపేది గాలి. దక్షిణ అమెరికాలోని పెరూ తీరం వెంబడి గాలులు దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తాయి. భూభ్రమణం వల్ల పైనీరు ఎడమకు, అనగా తీరానికి దూరంగా, తొలగిపోతుంది. ఆ ఖాళీని పూరించడానికి అడుగునున్న చల్లని నీరు నైట్రేట్లను, ఫాస్ఫేట్లను మోసుకొని పైకి ఉబుకుతుంది. దీనినే అప్‌వెల్లింగ్ అంటారు. ఆ నీటిలో డయాటమ్‌లనే వృక్షప్లవకాలు కొద్ది దినాలలోనే విస్తారంగా పెరుగుతాయి. వాటిని జంతుప్లవకాలు భక్షిస్తాయి. మన నెత్తళ్లకు దగ్గరి బంధువైన ఆంకోవెటా చేప వీటిపై బ్రతుకుతుంది.

కథ ఇంతేనని చాలాకాలం అనుకున్నారు. కాని ప్లవకాలు తయారుచేసిన ఆహారంలో కొంత నీటిలో కరిగిపోతుంది. దానిని గ్రహించేవి బాక్టీరియా. ఒక్క మిల్లీలీటరు సముద్రజలంలో ఇవి సుమారు పది లక్షలుంటాయి. వాటిని ప్రోటోజోవాలు, ప్రోటోజోవాలను జంతుప్లవకాలు తింటాయి. 1983లో ఫరూఖ్ ఆజమ్, ఆయన సహచరులు ఈ సూక్ష్మజీవుల వలయాన్ని సమగ్రంగా వివరించారు. ఇందులో గమనించవలసిన కిటుకు ఒకటున్నది. మెట్టు మెట్టుకూ శక్తిలో అధికభాగం శ్వాసక్రియకే ఖర్చవుతుంది. పోషకాలు పుష్కలంగా ఉన్నప్పుడు పెద్ద డయాటమ్‌లదే రాజ్యం. చేపకు దారి దగ్గర. పోషకాలు సన్నగిల్లినప్పుడు అతిచిన్న కణాలది పైచేయి. మెట్లు పెరుగుతాయి, చేప దాకా చేరేది స్వల్పం.

1972లో పెరూలో జరిగినదానికి ఒక కారణమిదే. ఎల్‌నినో వచ్చి వెచ్చని నీటిపొర మందమయింది. గాలి వీచినా పైకి వచ్చినది పోషకాలు లేని నీరే. అప్పటికే విచ్చలవిడి వేట సాగుతున్నది. 1970లో కోటి ఇరవై లక్షల టన్నులు దాటిన ఆంకోవెటా దిగుబడి, 1973 నాటికి ఇరవై లక్షల టన్నుల దరిదాపులకు పడిపోయింది.

ప్లవకాలు మితిమీరినా చిక్కే. తినగా మిగిలినవి అడుగుకు చేరి కుళ్లుతాయి. వాటిని విచ్ఛిన్నం చేసే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తాయి. నైరుతి రుతుపవన కాలంలో మన పశ్చిమ తీరంలోనూ అడుగునీరు పైకి వస్తుంది. ఆ తీరజలాల్లో ఆక్సిజన్ కొరత తీవ్రమవుతున్నదని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 2000లో హెచ్చరించారు. క్షీరసాగర మథనంలో హాలాహలం ముందు పుట్టింది, అమృతం తరువాత. ఇక్కడ క్రమం తారుమారయింది!

నా అభ్యంతరం ఇక్కడే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు రంగును, ఉష్ణోగ్రతను పరిశీలించి, చేపలు దొరికే తావులను మత్స్యకారులకు తెలుపుతున్నది. ఆ రంగు వృక్షప్లవకాలదే. ఇది ఎంతో మెచ్చదగిన సేవ. అయితే చేపను పట్టడానికి ప్లవకాలను చూస్తున్న మనం, చేపను విడిచిపెట్టడానికి మాత్రం క్యాలెండరును చూస్తున్నాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేట నిషిద్ధం. చేపల సంతానోత్పత్తిని కాపాడే ఆ నియమం ఉండవలసినదే. కాని గాలి ఏటా ఒకే తేదీకి రాదు. 2023లో ఎల్‌నినో వచ్చి, పిల్లచేపలు అధికంగా కనిపించినప్పుడు పెరూ ప్రభుత్వం ఉత్తర, మధ్య ప్రాంతపు తొలి వేట రుతువునే రద్దు చేసింది. నష్టమని తెలిసీ చేసిన నిర్ణయమది.

తేదీలు మారిస్తే మత్స్యకారుల బ్రతుకేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. నిషేధకాలపు భృతి ఆ దినాలకు కూడా వర్తించాలి. ఇక పరిశీలన మనకు కొత్త కాదు. 1950వ దశకంలోనే అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండి, విశాఖ తీరంలో అడుగునీరు పైకి వచ్చే తీరును అధ్యయనం చేశాడు. ఉపగ్రహానికి అందని అడుగు పొరల ఆక్సిజన్‌ను, సూక్ష్మజీవులను పరీక్షించాలంటే పడవ మీద వెళ్లి నీటిని తోడి తేవడం ఈనాడూ ఒక ముఖ్యమైన మార్గం. ఆ పడవలు మన రేవుల నుంచి రోజూ బయలుదేరుతూనే ఉన్నాయి.