తెర రంగులు - కంటి అవసరం

కంప్యూటరు తెర రంగులు మార్చుకొనడం పనిలేనివారి వినోదమని పెద్దలలో పలువురి అభిప్రాయం. నిన్న నీలం, నేడు ఆకుపచ్చ, రేపు నలుపు - వెర్రి వేయి విధాలని నవ్వి ఊరుకుంటారు. మేమూ చాలాకాలం ఆ కోవకు చెందినవారమే. మన కళాశాల కంప్యూటరు గది గోడకు "తెర అమరికలు మార్చరాదు" అనే ప్రకటన అంటించినప్పుడు మేమూ సమ్మతించాము. అది పొరపాటని నేడు ఒప్పుకొంటున్నాము.

గత సంవత్సరం ఒక విద్యార్థిని తెలుగు వ్యాసం టైపు చేసి తెచ్చింది. అందులో 'ధర్మం' అంతటా 'దర్మం'గా, 'ఫలం' 'పలం'గా ఉన్నవి. ఒత్తులు రాని డిగ్రీ చదువేమిటని మందలించాము. మరునాడు ఆ గదికి వెళ్ళి చూడగా, ఆమె తెరకు జానెడు దూరాన ముఖముంచి అక్షరాలు వెదుకుకుంటున్నది. ల్యాబ్ సహాయకుడు ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ మీటలతో పాటు ప్రింట్ స్క్రీన్ మీటను నొక్కాడు. తెర నల్లబడి అక్షరాలు ప్రకాశించాయి. ఆమె వెనుకకు జరిగి కూర్చుని, ఎవరూ చెప్పకుండానే తన తప్పులు దిద్దుకున్నది. లోపం చదువులో లేదు. మేము మార్చవద్దన్న తెరలో ఉన్నది.

రంగులలో అలంకారం లేకపోలేదు. 1992 నాటి విండోస్ 3.1లో ఎరుపు పసుపులు కలిసిన 'హాట్ డాగ్ స్టాండ్' అనే కూర్పు కళ్ళు చెదరగొట్టేది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో నీలంతో పాటు ఆలివ్, వెండి రంగులుండేవి. అయితే విండోస్ 95లోనే ఉన్న 'హై కాంట్రాస్ట్' అలంకారం కాదు. చూపు మందగించినవారి కొరకు అక్షరానికి, నేపథ్యానికి నడుమ వెలుగు తేడాను పెంచే ఏర్పాటు అది. వెబ్ పుటల అంతర్జాతీయ ప్రమాణాలు సాధారణ అక్షరాలకు ఈ తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలంటున్నవి.

మన రెండు భాషల లిపులకు ఇది మరీ ముఖ్యం. ఉర్దూలో బే, పే, తే అక్షరాల ఆకారమొక్కటే. చుక్కలే వాటిని వేరుచేస్తాయి. తెలుగులో ద-ధ, ప-ఫల భేదం ఒక చిన్న గీత. బూడిదరంగు మీద బూడిదరంగు అక్షరముంటే ముందుగా మాయమయ్యేవి ఆ చుక్కా, ఆ గీతా.

నల్లని తెర అందరికీ మేలని మా వాదన కాదు. మంచి చూపుగల పలువురికి వెలుతురులో తెల్లని నేపథ్యంపై నల్లని అక్షరమే సులభం. కంటి కటకం మసకబారిన కొందరికి అదే తెల్లదనం మిరుమిట్లు గొలుపుతుంది. కనుక ఏ రంగు ఉత్తమమన్నది ప్రశ్న కాదు. ఎంచుకొనవలసినది ఎవరన్నదే ప్రశ్న.

స్వేచ్ఛనిస్తే అల్లరి విద్యార్థులు తెరను చిందరవందర చేస్తారని, తరువాత కూర్చున్నవారికి ఇబ్బంది అని అభ్యంతరం. అది నిజమే. అయితే ప్రతి విద్యార్థికీ వేరుగా యూజర్ ఖాతా ఇచ్చినట్లయితే, ఒకరి రంగులు మరొకరి తెరపైకి రావు. విండోస్‌లో ఈ అమరికలు ఖాతాకు చెందినవే గాని యంత్రానికి చెందినవి కావు. దీనికి కొత్త యంత్రాలు కొనవలసిన పని లేదు. కొద్దిరోజుల శ్రమ చాలు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇదే: ఆ ప్రకటనను తొలగించి, దాని స్థానంలో ఆ మూడు మీటల వివరాన్ని తెలుగు, ఉర్దూలలో పెద్ద అక్షరాలతో అంటించండి. విద్యార్థులకొక మాట: తెర కనబడకపోతే సిగ్గుపడి దాచుకొనవద్దు, అడగండి. మందలించేముందు ఇకపై మేము తెరవైపు కూడా చూస్తాము.