బీరువాలో ఉన్న నవల పిల్లల చేతికి వచ్చేదెలా? ప్రైమరీ స్కూళ్లలో బుక్ క్లబ్‌ల గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

మీ పాప నాలుగో తరగతి చదువుతోందనుకుందాం. పాఠ్యపుస్తకం కాకుండా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆమె చదివిన పుస్తకం ఏది? అది చదివాక దాని గురించి ఎవరితోనైనా మాట్లాడిందా? ఆ పుస్తకం తెలుగులో ఉందా?

ఈ మూడో ప్రశ్న దగ్గర నగరాల్లోని చాలామంది తల్లిదండ్రులు ఆగిపోతారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్లలు తెలుగు పేజీ కనిపిస్తే కూడబలుక్కుంటారు. ప్రభుత్వ బడిలో సమస్య ఇంకో రకం. అక్కడ పుస్తకాలు ఉంటాయి, కానీ చాలాచోట్ల అవి బీరువా దాటి రావు.

ఈ రెండు సమస్యలకూ పనికొచ్చే చిన్న ఏర్పాటు బుక్ క్లబ్. అయిదారుగురు పిల్లలు ఒకే నవల చదివి, వారానికోసారి కూర్చుని దాని గురించి మాట్లాడుకోవడమే. దీనికి చట్టం ఏం చెబుతోంది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ ఆగిపోతోంది, మీరేం అడగొచ్చు అన్నది చూద్దాం.

చట్టంలో, విధానంలో ఏముంది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడికి ఉండాల్సిన కనీస వసతులు దాని షెడ్యూలులో ఉన్నాయి. ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలూ ఉండాలని ఆ జాబితా చెబుతోంది. అంటే కథల పుస్తకం బడి దయతలచి ఇచ్చేది కాదు. తరగతి గది, తాగునీరు, మరుగుదొడ్డి ఉన్న జాబితాలోనే అదీ ఉంది.

2020 జులైలో వచ్చిన జాతీయ విద్యా విధానం మరో అడుగు ముందుకేసింది. పిల్లలకు అన్ని స్థాయుల్లో ఆసక్తికరమైన పుస్తకాలు తయారు చేయాలని, మంచి అనువాదాలు తేవాలని, బడి లైబ్రరీలను, పబ్లిక్ లైబ్రరీలను విస్తరించాలని చెప్పింది. ఆ లైబ్రరీల్లో బుక్ క్లబ్‌లు సమావేశం కావచ్చని కూడా అందులో ఉంది.

ఆ తర్వాత కార్యక్రమాలు వరుసగా వచ్చాయి. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలైంది. 2022 జనవరిలో కేంద్రం వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టింది. తెలంగాణలో అదే ఏడాది ఆగస్టులో ‘తొలిమెట్టు’ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే ‘చదవడం మాకిష్టం’ పేరుతో ప్రచారం నడిచింది.

మరి లోటు ఎక్కడ?

ఈ కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ‘చదవడం రావడం’ మీదే దృష్టి పెడతాయి. నిపుణ్ భారత్ లెక్క ప్రకారం మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. ఆ లక్ష్యం అవసరమే, ఎందుకంటే పునాది ఇంకా బలహీనంగా ఉంది. అసర్ 2024 సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 44.8 శాతమే. 2022లో ఇది 38.5 శాతం. మెరుగుపడిన తర్వాతి పరిస్థితి ఇది.

అయితే నిమిషానికి 60 పదాలు చదివే బిడ్డ రేపు పుస్తకం పట్టుకుంటుందన్న హామీ లేదు. పేజీన్నర పాఠం చదివి కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబు రాయడం ఒక పని. వంద పేజీల కథలో రెండు వారాల పాటు ఉండడం వేరే పని. నిన్న ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోవాలి. మొదటి అధ్యాయంలో కోపిష్టిగా కనిపించిన తాత అయిదో అధ్యాయంలో ఎందుకు మారాడో ఆలోచించాలి. ఈ ఓపిక చిన్న పాఠాలతో రాదు. పెద్ద కథ చదివితేనే వస్తుంది.

ఒకప్పుడు ఈ పని పత్రికలు చేసేవి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు చదివినవారిని అడిగితే చెబుతారు. నెలంతా ఎదురుచూపు, ఈలోపు బడిలో, వీధిలో ‘తర్వాత ఏమవుతుంది’ అని వాదనలు. పేరు పెట్టలేదు గానీ అదీ బుక్ క్లబ్బే. ఇప్పుడు ఆ పత్రిక లేదు, ఆ ఎదురుచూపూ లేదు. ఆ చోటును బడి నింపాలి.

క్లబ్‌లో అసలేం జరుగుతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన ‘టోటోచాన్’ 1981లో వచ్చింది. తెలుగులో ‘రైలుబడి’ పేరుతో దొరుకుతుంది. జరిగిన కథే అయినా నవలలా చదివిస్తుంది. అల్లరి ఎక్కువని ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేసిన పిల్ల, పాత రైలు పెట్టెలే తరగతి గదులుగా ఉన్న కొత్త బడికి వెళుతుంది. అక్కడి హెడ్మాస్టరు మొదటి రోజు ఆమె కబుర్లన్నీ గంటల తరబడి వింటారు.

అందులో ఒకచోట టోటోచాన్ పోలియో వచ్చిన స్నేహితుణ్ని నానా తంటాలు పడి చెట్టు ఎక్కిస్తుంది. ఇంట్లో మాత్రం అమ్మకు అబద్ధం చెప్పి వస్తుంది.

మామూలు తరగతిలో వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: ‘టోటోచాన్ ఎవరిని చెట్టు ఎక్కించింది?’ దానికి ఒకటే జవాబు. మొదటి చెయ్యి లేచాక మిగతా పిల్లలకు పని లేదు.

బుక్ క్లబ్‌లో ప్రశ్న వేరు: ‘అమ్మకు అబద్ధం చెప్పడం తప్పా?’ ఇక్కడ ఆరుగురికి ఆరు అభిప్రాయాలు ఉంటాయి. ఒకరు తప్పే అంటారు. ఇంకొకరు, చెబితే అమ్మ వద్దనేది, అప్పుడు ఆ అబ్బాయి ఎప్పటికీ చెట్టు ఎక్కేవాడు కాదు అంటారు. మరొకరు, పడిపోయి ఉంటేనో అని అడుగుతారు. ప్రతి ఒక్కరూ పుస్తకంలోకి తిరిగి వెళ్లి ‘ఇదిగో, ఇక్కడ ఇలా ఉంది’ అని చూపించాలి. చదివింది అర్థమైందో లేదో టీచరుకు వేరే పరీక్ష పెట్టకుండానే తెలిసిపోతుంది.

పిల్లలతో పుస్తకాల గురించి ఎలా మాట్లాడాలో బ్రిటన్ రచయిత ఎయిడన్ చాంబర్స్ 1993లో ‘టెల్ మి’ అనే పుస్తకం రాశారు. ఆయన పద్ధతిలో మొదలుపెట్టడానికి నాలుగు విషయాలు చాలు. ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, ఏది అర్థం కాలేదు, ఏది మళ్లీ మళ్లీ వచ్చినట్టు అనిపించింది. బోర్డు మీద నాలుగు గడులు గీసి పిల్లలు చెప్పినవి రాస్తే సరిపోతుంది. ‘నచ్చలేదు’ అన్న గడి ముఖ్యం. బడిలో పుస్తకం నచ్చలేదని చెప్పే అవకాశం పిల్లలకు మరెక్కడా దొరకదు.

అయిదు వేల రూపాయలతో ఏమవుతుంది?

సమగ్ర శిక్ష కింద లైబ్రరీ గ్రాంటు ఉంది. ప్రైమరీ స్కూలుకు ఏడాదికి గరిష్ఠంగా 5,000 రూపాయలు. పెద్ద బడులకు స్థాయిని బట్టి 20,000 దాకా ఇవ్వొచ్చు.

ఆ సొమ్ముతో కొనే పద్ధతి ఎలా ఉంటుందంటే, ఎక్కువ పేర్లు, ఒక్కో పేరుకు ఒక్కో ప్రతి. లైబ్రరీకి అది సరైనదే. బుక్ క్లబ్‌కు మాత్రం పనికిరాదు. ఆరుగురు కలిసి చదవాలంటే ఒకే నవలవి ఆరు ప్రతులు కావాలి.

ప్రతి 100 రూపాయలు అనుకోండి. ఆరు ప్రతులకు 600. ఎనిమిది నవలలకు ఆరేసి ప్రతులు కొంటే 4,800. అంటే ఒక ఏడాది గ్రాంటుతో బడికి ఎనిమిది సెట్లు వస్తాయి. పక్కపక్కనే ఉన్న నాలుగు బడులు చెరో రెండు సెట్లు కొని రెండు నెలలకోసారి మార్చుకుంటే, అవే ఎనిమిది నవలలు ఒక్కో బడికి 1,200 రూపాయలకే అందుతాయి. మిగతా గ్రాంటు చిన్న పిల్లల బొమ్మల పుస్తకాలకు వాడుకోవచ్చు.

పుస్తకం బీరువా ఎందుకు దాటదు?

టీచర్ల వైపు నుంచి చూస్తే కారణం అర్థమవుతుంది. పుస్తకాలు స్టాక్ రిజిస్టరులో ఉంటాయి. చిరిగినా పోయినా లెక్క చెప్పాల్సింది హెచ్‌ఎం. తాళం వేసి ఉంచితే ఏ ఇబ్బందీ లేదు. పిల్లలకు ఇస్తేనే చిక్కు. దీనికితోడు ఒకరిద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడిచే బడుల్లో లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్‌లో మాత్రమే ఉంటుంది.

కాబట్టి ‘టీచర్లు పట్టించుకోవడం లేదు’ అని ఊరుకుంటే సమస్య తీరదు. ఏడాదికి కొన్ని పుస్తకాలు చిరగడం సహజమని, దానికి టీచరు జేబులోంచి కట్టక్కర్లేదని అధికారులు స్పష్టంగా చెప్పాలి. అట్ట నలగని పుస్తకాలున్న లైబ్రరీని చూసి మెచ్చుకోవడం తనిఖీకి వచ్చినవారు మానుకోవాలి.

చదవడమే సరిగా రాని పిల్లల సంగతి?

ఇది న్యాయమైన సందేహం. సగం మందికి పైగా పిల్లలు చిన్న పాఠమే చదవలేకపోతుంటే నవల ఎలా చదువుతారు?

విని అర్థం చేసుకునే శక్తి పిల్లల్లో చదివి అర్థం చేసుకునే శక్తి కంటే ముందు ఉంటుంది. అందుకే టీచరు రోజుకు పది నిమిషాలు బిగ్గరగా చదివి వినిపించడంతో మొదలుపెట్టొచ్చు. తర్వాత బాగా చదివేవారినీ తడబడేవారినీ జతగా కూర్చోబెట్టొచ్చు. చర్చలో మాత్రం అందరూ సమానమే. కూడబలుక్కుని చదివే పిల్లాడు కథ గురించి అందరికంటే మంచి ప్రశ్న అడగొచ్చు. గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. అందులోని టీచరు కూడా నాలుగో తరగతిని దారిలోకి తెచ్చుకోవడానికి కథ చెప్పడంతోనే మొదలుపెడతాడు.

చేయకూడనిది ఒకటుంది. మార్కులు పెట్టడం, ‘పుస్తక సమీక్ష’ రాయించడం, ఎవరు ఎక్కువ పుస్తకాలు చదివారని పోటీ పెట్టడం. అప్పుడు అది ఇంకో సబ్జెక్టు అయిపోతుంది.

తెలుగులో పిల్లల నవలలు ఉన్నాయా?

తక్కువే, కానీ లేకపోలేదు. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాలు మొదలైన 2010లో తెలుగులో కలువకొలను సదానంద ‘అడవితల్లి’ నవలకు వచ్చింది. 2024లో పి.చంద్రశేఖర్ ఆజాద్ ‘మాయాలోకం’ నవల ఆ పురస్కారం అందుకుంది. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ సంస్థ అనువాదాలతో పాటు, అమెరికా తెలుగువారి సంఘం ‘తానా’తో కలిసి పోటీలు పెట్టి కొత్త పిల్లల పుస్తకాలు తెచ్చింది. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. ఫోన్‌లో చదివించాలంటే ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితం. అయితే అవి ఎక్కువగా చిన్న కథలు, నవలకు ముందు మెట్టుగా బాగుంటాయి.

కొనేవారు లేకే నవలలు రావడం లేదని ప్రచురణకర్తలు, నవలలు లేకే కొనడం లేదని బడులు అనుకుంటే ఇది తేలదు. ఒక్కో పేరుకు ఆరేసి ప్రతులు కొనే బడులు పెరిగితే రాసేవారికీ ధైర్యం వస్తుంది.

మీరు ఇప్పటికే కడుతున్నారు

ఈ విషయం చాలామంది గమనించరు. 1960 నాటి పబ్లిక్ లైబ్రరీల చట్టం కింద ఆస్తి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు వసూలు చేస్తారు, రూపాయికి 8 పైసలు చొప్పున. 5,000 రూపాయల పన్ను మీద 400 అవుతుంది. మనం పైన వేసుకున్న లెక్కలో నాలుగు నవలలు. స్థానిక సంస్థ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు బదిలీ చేయాల్సిన సొమ్ము ఇది. మీ పేటలోని శాఖా గ్రంథాలయంలో పిల్లల విభాగం ఉందా, అందులో పోటీ పరీక్షల పుస్తకాలు కాకుండా ఇంకేమైనా ఉన్నాయా అని అడిగే హక్కు మీకుంది.

మీరేం చేయొచ్చు?

ప్రభుత్వ బడి అయితే: విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సమావేశంలో మూడు విషయాలు అడగండి. ఈ ఏడాది లైబ్రరీ గ్రాంటు ఎంత వచ్చింది? ఏ పుస్తకాలు కొన్నారు? గత నెలలో ఎన్ని పుస్తకాలు పిల్లల ఇళ్లకు వెళ్లాయి? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా రెండింటికి విలువ లేదు.

ప్రైవేటు బడి అయితే: తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు బోధించాలి. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగాక, లైబ్రరీలో తెలుగు నవలలు ఎన్ని ఉన్నాయో కూడా అడగండి.

ఇంటి దగ్గర అయితే: అపార్ట్‌మెంటులో ఆరుగురు పిల్లలు, ఆరు ప్రతులు, ఆదివారం ఒక గంట చాలు. మీరూ ఆ పుస్తకం చదవాలి, కానీ ముందుగా మాట్లాడకూడదు. ‘ఇందులో నీతి ఏమిటి?’ అని మాత్రం అడగకండి. పిల్లలు ఏం చెప్పాలనుకున్నారో అది అక్కడితో ఆగిపోతుంది.