ముద్ద మింగాకే జోకు

జబ్బుమనిషి ఉన్న ఇంట్లోంచి నవ్వులు వినబడితే చుట్టుపక్కల వాళ్ళు అదోలా చూస్తారు. "అంత కష్టంలో ఉండి ఈ ఇకిలింపులేమిటమ్మా?" అని మొహం మీదే అడిగినవాళ్ళూ ఉన్నారు. ఈ వారం వాళ్ళకి జవాబు చెబుదామనుకుంటున్నాను. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి కష్టం ఉంటే మీకూ పనికొస్తుంది.

మావారికి మూడేళ్ళుగా ఎ.ఎల్.ఎస్. మెదడులో, వెన్నుపాములో ఉండి కండరాలను ఆడించే నరాల కణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు ఇది. చేతులు, కాళ్ళు, మాట, మింగుడు, ఆఖరికి ఊపిరి అన్నీ బలహీనపడతాయి. నయం చేసే మందు ఇంకా లేదు. లక్షణాలు మొదలయ్యాక 2 నుంచి 5 ఏళ్ళు బతికేవాళ్ళే ఎక్కువ. 1963లో, 21 ఏళ్ళకే ఈ జబ్బు బయటపడ్డ శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా ఉన్నారు గానీ, అది చాలా అరుదు. ఆయన హాస్యం కూడా అంతే అరుదైనది. 2009లో, కాలంలో వెనక్కి ప్రయాణించగలిగేవాళ్ళ కోసం విందు ఏర్పాటు చేసి, ఆ విందు అయిపోయాకే ఆహ్వానాలు బయటపెట్టారు. పాపం, ఒక్కరూ రాలేదు!

ఈ జబ్బులో మామూలుగా చూపు, వినికిడి, స్పర్శ పోవు. చూడటానికి వచ్చేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. మావారి చెవి దగ్గర నోరు పెట్టి "బా...గు...న్నా...వా" అని వీధి చివరిదాకా వినబడేలా అరుస్తారు. ఒకాయనకి మావారు అక్షరాల అట్ట మీద చెప్పిన జవాబు, "చెవులు బాగున్నాయి". ఇక ముక్కు మీద దోమ వాలిందంటే కుట్టడం తెలుస్తుంది, చెయ్యి మాత్రం లేవదు. "నేను దోమల సత్రాన్ని" అంటారాయన.

ఈ అక్షరాల అట్ట గురించి చెప్పాలి. మన అక్షరాలన్నీ వరసగా చదివితే తెల్లారిపోతుంది. అందుకని అచ్చులొక వరస, క నుంచి ఒక వరస, చ నుంచి ఒక వరస, ఇలా రాసుకున్నాం. ముందు వరస అడుగుతాం, తర్వాత అక్షరం, ఆ తర్వాత గుణింతం. అవునంటే రెప్ప వేస్తారు. ఒకరోజు "నో" దగ్గర ఆగారు. "నోట్లో ఏమైనా అడ్డుపడిందా?" అని మా అత్తగారు, "నోరు ఎండిపోతోందా?" అని మా అబ్బాయి, "నొప్పేమో, డాక్టరుకి ఫోన్ చెయ్యండి" అని మా ఆడపడుచు, తలా ఒక దిక్కుకి పరుగు. తీరా మాట పూర్తయ్యేసరికి "నోళ్ళు మూయండి, వార్తలు వస్తున్నాయి" అని తేలింది. ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన కళ్ళే.

మా ఇంట్లో నవ్వు ఎప్పుడూ ఆయన దగ్గరే మొదలవ్వాలి. తూలినప్పుడు, పొలమారినప్పుడు ముందు మనిషిని చూసుకోవాలి. దానిమీద జోకు వెయ్యాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఆయన రెప్ప వెయ్యని హాస్యం మా ఇంట్లో చెల్లదు.

భోజనం దగ్గర మాత్రం హాస్యానికి సెలవు. నోట్లో ముద్ద ఉండగా నవ్వు వస్తే మెతుకు ఊపిరిగొట్టంలోకి పోతుంది. దాంతో ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ రావచ్చు. అందుకే ముద్ద మింగాకే జోకు. ఇలాంటివాళ్ళలో చాలామందికి చారు, నీళ్ళు, మజ్జిగలాంటి పల్చటివే తొందరగా పొలమారతాయి. మరమరాలు, అటుకుల్లాంటి పొడివి కూడా కష్టమే. మెత్తగా కలిపిన పప్పన్నం, గట్టి పెరుగు, చిక్కటి రాగిజావ కొంత సులువు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పెట్టాలి. కొందరికి గడ్డం కాస్త దించితే మింగుడు పడుతుంది. మీవారికి ఏది సరిపడుతుందో స్పీచ్ థెరపిస్టు చూసి చెబుతారు.

ఇంకో సంగతి. ఈ జబ్బులో కొందరికి నవ్వూ ఏడుపూ అదుపు తప్పుతాయి. లోపల ఆ భావం లేకుండానే నవ్వు తన్నుకొస్తుంది. బంధువొకాయన తమ ఇంట్లో పోయినవాళ్ళ గురించి చెబుతుంటే మావారు ఆపుకోలేక నవ్వారు. ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయాడు. మావారు ఆ రాత్రి నిద్రపోలేదు. అప్పట్నుంచీ వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే చెబుతున్నాం, "అది జబ్బు నవ్వు, ఆయన నవ్వు కాదు" అని. దీనికి మందులున్నాయి, న్యూరాలజిస్టుని అడగండి.

నవ్వు రాని రోజులూ ఉంటాయి. ఆ రోజుల్లో బలవంతాన నవ్వించబోకండి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి, ఆ స్పర్శ తెలుస్తుంది. వారాల తరబడి దిగులు తగ్గకపోతే డాక్టరుకి చెప్పండి. మీకు ఏడుపొస్తే ఏడవండి. నేనూ వంటింట్లో కుక్కరు కూతల చాటున ఏడ్చినదాన్నే.

మాట స్పష్టంగా ఉన్నప్పుడే గొంతు ఫోనులో దాచుకోండి. మంచిమాటలే కానక్కర్లేదు. మావారు కరెంటు బిల్లు చూసి పిల్లల్ని కేకలేసిన రికార్డు మా దగ్గరుంది. గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతోందంటే చాలు, అట్ట తెమ్మని కళ్ళతో సైగ చేసి, ఆ కేకలు పెట్టమంటారు.