బిడ్డతోపాటు తల్లిదండ్రులకూ గడువు కావాలి

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రిగారికి,

తల్లిదండ్రులు బిడ్డను సాకలేని స్థితిలో ఉన్నారని తేల్చే అధికారాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం బాలల సంక్షేమ కమిటీకి ఇచ్చింది. బిడ్డను 24 గంటల్లో కమిటీ ముందుంచాలి. నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు రావాలి.

మరి బిడ్డను సాకలేకపోవడానికి తాగుడే కారణమైతే, ఆ నాలుగు నెలల్లో తండ్రి చేత దాన్ని మాన్పించేదెవరు?

లండన్‌లో న్యాయమూర్తి నికొలస్ క్రిక్టన్ 2008లో మత్తుకు బానిసలైన తల్లిదండ్రుల కోసం ప్రత్యేక కుటుంబ న్యాయస్థానం మొదలుపెట్టారు. ఒకే న్యాయమూర్తి రెండు వారాలకోసారి, మామూలుగా లాయర్లు లేకుండానే, వాళ్లతో నేరుగా మాట్లాడతారు. చికిత్స నిపుణులు, సామాజిక కార్యకర్తలు వెన్నంటి ఉంటారు. మానితే బిడ్డ ఇల్లు చేరుతుంది. మానకపోతే మరో నీడ వెతుకుతారు. బెదిరింపు కన్నా ఈ పలకరింపే ఎక్కువ పనిచేస్తుంది.

హైదరాబాద్‌లో, విజయవాడలో అలాంటి న్యాయస్థానం ఒక్కొక్కటి ప్రయోగాత్మకంగా పెట్టించండి.